చెఱువు మాన్యము, గాలిమర రాయితీ



పత్తికొండ, ఆస్పరి ప్రాంతముల మెట్టనేలలమీదుగా నేడు ప్రయాణము చేయువారికి తెల్లని గాలిమరలు వరుసలు దీరి కన్పట్టును. జ్యేష్ఠాషాఢములలో పడమటిగాలి యెత్తుకొనగానే వాని ఱెక్కలు తిరుగ నారంభించును. మబ్బులను మన పొలములపై నిలువనీయక తఱుముకొనిపోవు నా గాలిని మన తాతలు తిట్టుచుండెడివారు. ఇప్పు డా గాలియే విద్యుత్తు నిచ్చుచున్నది. అయినను రచ్చకట్టమీద వృద్ధులు న న్నొక ప్రశ్న యడుగుచుందురు: "అయ్యవారూ, ఈ మరలు పెట్టినవారికి సర్కారువారు పన్ను విడిచిరట గదా. ఆ విడిచిన సొమ్ము మనబోటివారిదే గదా. మఱి మన పిల్లలకు పనులేవి?"

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు మన సీమచరిత్రను కొంచెము తిరుగవేయవలెను. ఏలయన, పన్ను విడిచి పని చేయించుకొనుట మన దేశమునకు క్రొత్తగాదు.

కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెఱువు మీలో పెక్కురు చూచియుందురు. మొదటి బుక్కరాయల కుమారుడును, భవదూరుడని పేరు గలవాడునగు భాస్కరుడు దానిని త్రవ్వించి, క్రీ. శ. 1369లో శాసనము వేయించెను. ఆ పనిలో దినమునకు 1,000 మంది కూలివారు పాటుపడిరనియు, తూములకు కట్టడములకు రాళ్లు తోలుటకు 100 బండ్లు పనిచేసినవనియు, అంతయు ముగియుటకు 2 సంవత్సరములు పట్టెననియు శాసనము చెప్పుచున్నది. మంచి చెఱువునకు పండ్రెండు సాధనములును, దాని జెఱచు దోషము లాఱును అందు లెక్కింపబడినవి. వానిలో నొక దోషమును మనసులో నుంచుకొనుడు: చెఱువు రెండు రాజ్యముల పొలిమేరయందు ఉండరాదు. ఈ మాటతో మనకు ముందు పని యున్నది.

పోరుమామిళ్ల చెఱువు రాజకుమారుని పుణ్యము. కాని ఊరూరను గల చిన్న చెఱువులకు బొక్కసమునుండి సొమ్ము తీయుట యే ప్రభువునకు సాధ్యము? అందులకే దశబంధమను నేర్పాటు పుట్టినది. ఎవడైన తన సొమ్ముతో చెఱువు కట్టించినచో, లేక తెగిన కట్ట పూడ్పించినచో, ఆ చెఱువుక్రింది యాదాయములో సుమారు పదియవ వంతు విడిచి యతనికి మాన్యముగా నిత్తురు. వంతు కొన్నిచోట్ల హెచ్చుగా నుండుటయు గలదు. ముఖ్యమైనది షరతు. చెఱువు కట్టినందులకు మాత్రమే గాక, దానిని నిలుపుచున్నందులకు గూడ ఆ మాన్యము. కట్ట చెదరకుండ, తూము మూసికొనిపోకుండ చూచుకొన్నంతకాలమే అది చెల్లును. అందువలన చెఱువు కట్టిన రెండేండ్లతో పని ముగిసిపోదు. ఏటేట పూడిక తీయు వడ్డెలకు, రాతిపనివారికి, నీరు పంచు నీరుగంటికి తరతరములకు బ్రతుకుతెరువు కలిగినది.

ఇందును దోషములు లేకపోలేదు. మాన్యమును తినుచు కట్టను గాలికి విడిచినవారును గలరు. అయినను షరతు షరతే; ఊరివారు దానిని చూపి నిలదీయగలిగిరి.

1800లో నిజాము ఈ మండలములను కుంఫిణీవారికి ధారపోసెను. వాని పాలనకు వచ్చిన టామస్ మన్రో 1807లో వెళ్లిపోవుచు పైవారి కొక నివేదిక వ్రాసెను. శిస్తును నూటికి 25 వంతున తగ్గింపవలెనని యందు కోరెను. బావులక్రింది భూములకు, రైతులే తమ ఖర్చుతో బావులను బాగుచేసికొనుచో, మఱి 8 వంతులు తగ్గింపవలెననెను. రైతులు బాగుసేతకు ఒప్పుకొన్న చిన్న చెఱువులకును అట్లే యనెను. పైవారు అప్పుడంగీకరింపలేదు. 1820లో ఆయన చెన్నపట్టణమునకు గవర్నరై వచ్చిన పిమ్మటనే తగ్గింపు అమలునకు వచ్చెను. 1827 జూలై 6వ తేదీన ఆయన పత్తికొండలో విషూచితో మరణించెను. ఆయన జ్ఞాపకార్థము ప్రభుత్వమువా రచ్చట బావి త్రవ్వించి, తోపు వేయించిరి. రాజు వేఱు, కాలము వేఱు. కాని దశబంధమునకును మన్రో కోరిన 8 వంతులకును సూత్ర మొక్కటే. బాగుసేత చేసినవానికే విడుపు.

ఇక గాలిమరల కథ. మన దేశములో ప్రయోగార్థమై మొదటి గాలిమరల క్షేత్రములు 1986లో వెలసినవి. 1990ల దశకములో పొరుగుననున్న అనంతపురము సీమలోని రామగిరి గుట్టలపై మరలు నిలిచినవి. వానిని పెట్టించుటకు కేంద్ర ప్రభుత్వమువారు చూపిన యాశ ఆదాయపు పన్నులోని తరుగుదల. దీనిని కొంచెము విడమరచి చెప్పెదను.

వ్యాపారి యొక యంత్రము కొన్నచో, అది యేటేట అరుగును గనుక, దాని వెలను కొన్నేండ్లలో కొంచెము కొంచెముగా లాభమునుండి తీసివేసికొని మిగిలినదానిపై పన్ను కట్టును. గాలిమరకు మాత్రము మొదటి యేటనే నూటికి నూఱు తీసివేసికొనవచ్చుననిరి. 10 కోట్ల లాభము వచ్చిన మిల్లుయజమాని 5 కోట్లతో మరలు కొన్నచో, ఆ యేడు 5 కోట్లకే పన్ను కట్టును. తరువాతి యేండ్లలో తీసివేయుటకు మిగులుండదు గనుక అప్పుడు పన్ను హెచ్చును. అనగా ప్రభుత్వమువారు వడ్డీలేని యప్పు ఇచ్చినట్లు. తరువాత ఈ నూఱును 80కి తగ్గించిరి.

ఈ యాశలేనిచో గాలిని నమ్మి కోట్లు పోయువారు ఆనాడు దొరకకపోదురేమో. ఆ మేలును కాదనరాదు. కాని లోపమెక్కడ? మర కొన్నవానికి మొదటి యేటనే ఫలము ముట్టెను. అది తిరిగినను, ఆగినను ఆ విడుపు విడుపే. దూరపు పట్టణములలోని యజమానులు కొందఱు లెక్కలకొఱకు మరలు కొనిరేగాని, గాలికొఱకు గాదు. నిలిచిపోయిన మరకు మరమ్మతు లేదు. మరమ్మతు లేనిచోట మనుష్యునకు కొలువు లేదు.

ఈ లోపమును గుర్తించియే కాబోలు, 2009 డిసెంబరులో ఉత్పత్తినిబట్టి ప్రోత్సాహక మిచ్చు పద్ధతి పెట్టిరి. పుట్టిన విద్యుత్తులో యూనిటు ఒక్కంటికి 50 పైసలు. తరుగుదలయో, ఇదియో, ఒక్కటే కోరుకొనవలెను. దశబంధపు న్యాయము మరల వచ్చినదని సంతోషింపదగిన విషయమిది. మర తిరిగిననే గదా పైస!

అయినను నిలుకడ లేకపోయెను. 2012 ఏప్రిలులో తరుగుదల రాయితీని తీసివేసిరి. ఆ నెలనుండియే యూనిటు ప్రోత్సాహకమును ఆపి, మరుసటి సంవత్సరము పునరుద్ధరించిరి. 2011-12లో దేశమందు సుమారు 3,200 మెగావాట్ల మరలు నిలువగా, మరుసటి యేడు 1,700 మాత్రమే నిలిచినవి. 2014లో తరుగుదలను తిరిగి యిచ్చిరి. 2017 ఏప్రిలునుండి దానిని 40కి దించి, యూనిటు ప్రోత్సాహకమును ముగించిరి. గడువులోగా ముగింపవలెనను తొందరలో 2016-17లో దేశమున సుమారు 5,500 మెగావాట్లు నిలిచినవి. అందు సుమారు 2,190 మన రాష్ట్రమువే. ఆ యేడు దేశములో మనదే మొదటి స్థానము. మరుసటి యేడు దేశమంతటికిని 1,770కి మించలేదు.

ఇక రెండు రాజ్యముల పొలిమేర మాట. పన్ను విడుచువారు ఢిల్లీవారు. విద్యుత్తు కొనువారు రాష్ట్రమువారు. వేలములలో క్రొత్త మరల విద్యుత్తు వెల యూనిటుకు 2 రూపాయల 43 పైసల వఱకు దిగెను. మన రాష్ట్రమున వెనుకటి యొప్పందములలోని వెల 4 రూపాయల 80 పైసలకు పైబడియుండెను. అది భారమని 2019 జూలైలో రాష్ట్ర ప్రభుత్వమువారు ఒప్పందములను తిరుగదోడుటకు సంఘమును నియమించిరి. వ్యాజ్యము సాగెను. ఒప్పందపు వెలయే చెల్లింపవలెనని 2022 మార్చిలో హైకోర్టు తీర్పు చెప్పెను. ఆ నడుమ సంవత్సరములలో మన రాష్ట్రమున క్రొత్త మర యొకటి నిలుచుటయే అరుదయ్యెను.

కొలువులమీద దీని ఫలమేమి? నాకడ చదివిన యొక బాలుడు 2016లో మరల పునాదులకు ఇనుపకమ్ములు కట్టు పనికి కుదిరెను. పది నెలలు చేతినిండ పని. ఇంటికి రేకులు మార్పించుకొనెను. దారి వేయువారు, కాంక్రీటు పోయువారు, లారీలు తోలువారు, వంట చేయువారు, అందఱకు కూలి దొరకెను. మరలు నిలువగానే ముఠా లేచిపోయెను. పిల్లవాడు బెంగుళూరికి తాపీపనికి పోయెను. అతని తండ్రికి మాత్ర మొక మరచెంత రాత్రికావలి దొరకెను. ఇది యొక్క యింటి కథ కాదు. గాలిమరలలో కొలువులు మెగావాటునకు ఒకరికి కొంచెము మించునని యొక గణన; వానిలోను హెచ్చుభాగము నిలుపునాటివే. నిలిచిన పిమ్మట కావలసినది కావలివాడును, ఎత్తెక్కి మరమ్మతు చేయగల శిక్షితుడును. కావలి మన ఊరివానికి వచ్చును. మరమ్మతు శిక్షణ గలవానికి పోవును.

కావున రచ్చకట్ట పెద్దలకు నా సమాధాన మిది. పన్ను విడుచుట తప్పుగాదు. మన తాతలును విడిచిరి. కాని కొన్నందులకు విడిచిన పన్ను కొనుదినముల కూలినే యిచ్చును. నిలిపినందులకు విడిచిన పన్ను నిలుచు కొలువు నిచ్చును. ఏడాదికొక మాట మార్చిన పన్ను ఉన్న పనివానిని గూడ వలస పంపును.

2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వమువారు క్రొత్త విద్యుత్తు విధానమును ప్రకటించి, 7,50,000 కొలువులు తమ లక్ష్యమనిరి. మంచిది. రేపు మీ పొలము కౌలునకడుగుటకు మనుష్యులు వచ్చినప్పుడు ఎకరమున కెంత యనుటతో ఆగకుడు. ఈ రాయితీ మర తిరిగినంతకాలమా, కొన్ననాడేనా యని యడుగుడు. మరమ్మతుపని మన పిల్లలకు నేర్పింతురా, ఏ పాఠశాలలో, ఎందఱకు అని యడుగుడు. వచ్చిన యుత్తరమును కాగితముపై వ్రాయించుకొనుడు. పోరుమామిళ్లవారు తమ మాటను ఱాతిపై చెక్కించిరి; అందువలననే దానిని మన మీనాడు చదువగలుగుచున్నాము.

సెలవు.