సైకిల్ బ్రేకు వైరుతో గిటార్ చేయబోయి కిన్నెర దగ్గర ఆగాను

"అన్నా, ఆ గిటార్ ప్రాజెక్టు ఏమైంది?" అని చాలామంది అడుగుతున్నారు. చెప్తా. ఫెయిలైంది. కానీ అది ఫెయిలవ్వడం వల్లే ఈ రోజు మన జనగామ చరిత్ర ఒకటి మాట్లాడుకోబోతున్నాం.

ముందు, పెడల్ స్టీల్ గిటార్ అంటే ఏంటి? దీన్ని బల్లలా పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జారుస్తూ వాయిస్తారు. జారుడు మనకేం కొత్త కాదు, కర్ణాటక సంగీతంలో గోటువాద్యం ఉండనే ఉంది. గిటార్ మీద ఈ పద్ధతి 1889 ప్రాంతంలో హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అనే కుర్రాడితో మొదలైందంటారు. కావాల్సిన కడ్డీని స్కూల్ వర్క్‌షాపులో తనే చేసుకున్నాడట. తర్వాత అమెరికాలో దీనికి పెడళ్లు వచ్చాయి. కాలితో తొక్కితే ఒకటో రెండో తీగలు బిగుసుకుని స్వరం పైకి పాకుతుంది. 1954లో హిట్టయిన వెబ్ పియర్స్ పాటలో బడ్ ఐజాక్స్ అలా వాయించాడు. అది విని చాలామంది తమ గిటార్లకు ఇంట్లోనే పెడళ్లు బిగించుకున్నారు.

వాళ్లు చేసుకోగా లేంది, బీటెక్ చదివిన నేను చేయలేనా అనుకున్నా. ఒక టేకు పలక, పది తీగలు, పాత సైకిల్ బ్రేకు వైర్లు తెచ్చా. లెక్కలన్నీ వేశా. శంకరాభరణంలో 'స' నుంచి 'రి'కి వెళ్లాలంటే తీగ బిగువు దాదాపు 26 శాతం పెరగాలి. పది తీగలూ కలిసి 100 కిలోలకు పైనే లాగుతాయి. పెడల్ తొక్కా. ఒక తీగ పైకెళ్లింది, పలక కాస్త వంగింది, మిగతా తీగలన్నీ వదులై శ్రుతి దిగిపోయాయి. ఇంకా గట్టిగా బోల్టులు వేశా. ఈసారి పలకే పగిలింది.

అప్పుడు ఒక ఫ్రెండు, "పాలకుర్తి దిక్కు కిన్నెర చేసే తాత ఉన్నడు, పోయి చూడు" అన్నాడు. పోయా.

కిన్నెర అంటే ఒక పొడుగాటి దండి, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, పైన తీగలు, మెట్లు. పాతకాలంలో మెట్లకు అలుగు పొలుసులు వాడేవాళ్లు. ఇప్పుడు అలుగును చట్టం కాపాడుతోంది, అందుకే తాత ఇత్తడి ముక్కలు పెట్టాడు. వాటిని అతికించింది మాత్రం మైనంతోనే. "తాతా, ఫెవిక్విక్ పెడితే గట్టిగా ఉంటది కదా?" అన్నా. ఆయన నవ్వి, "గట్టిగ అతికిస్తే, శ్రుతి తప్పిన్నాడు ఏం జేస్తవ్ బిడ్డా?" అన్నాడు. మైనాన్ని వేడి చేస్తే మెట్టు జరుగుతుంది. కట్టె వంగినా, తీగ సాగినా మెట్టును జరిపి సర్దుకోవచ్చు. నా డిజైన్‌లో లేనిది అదే.

ఈ కిన్నెర డక్కలి వాళ్లది. వాళ్లు మాదిగల కులపురాణమైన జాంబపురాణం చెప్పి, వాళ్లిచ్చే దాంతో బతికేవాళ్లు. దళితుల్లోనే అట్టడుగున ఉంచబడిన కులం. ఊరు వాళ్లను దూరం పెట్టింది, వాళ్ల పాటను మాత్రం విన్నది.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఇదే పాలకుర్తి పాల్కురికి సోమనాథుడి ఊరు. ఏడెనిమిది వందల ఏళ్ల కింద ఆయన పండితారాధ్య చరిత్రలో బోలెడన్ని వీణల పేర్లు వరసగా చెప్పాడు. వాటిలో చాలావాటి మోత మనం ఎప్పటికీ వినం. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఫంక్షన్ల పేర్లున్నాయి, కోడ్ పోయింది. కిన్నెర మిగలడానికి కారణం పుస్తకం కాదు, దాన్ని వాయించేవాళ్లే చేసుకోవడం.

నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య గారు గుర్తున్నారా? భీమ్లా నాయక్ పాట మొదట్లో వినిపించే గొంతు. పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ అవార్డు వాయించే చేతికి వస్తుంది. బుర్ర ఎండబెట్టే చెయ్యి, మైనం కాచే చెయ్యి ఎవరికీ కనిపించవు. మహబూబాబాద్, భూపాలపల్లి అడవుల్లో పడిగె ముందు వంశచరిత్రలు పాడే కోయ డోలీల సంగతీ ఇంతే. పాటను ఫోన్లో రికార్డ్ చేస్తాం, డోలు ఎట్ల చేస్తారో అడగం.

తాత మనవడు హైదరాబాద్‌లో డెలివరీ బాయ్. వాయించడం వచ్చు, చేయడం రాదు. నేను నాలుగు గంటల వీడియో తీశా. అది చూసి మనవడు ఫోన్ చేశాడు, "అన్నా, మైనం ఎంత కాగాల్నో ఇందుల తెలుస్తలేదు" అని. కరెక్టే. అది వేలితో ముట్టుకుంటేనే తెలుస్తుంది. ఇప్పుడు ఆదివారాలు మేమిద్దరం పాలకుర్తి బస్సెక్కుతున్నాం. నేను చేసిన కిన్నెరకు ఐదో మెట్టు ఇంకా తప్పే పలుకుతోంది, ఆయన జరుపుతూనే ఉన్నాడు.

మీ ఊళ్లో వాయిద్యం చేసేవాళ్లుంటే, "ఒక పాట వాయించు తాతా" అని ఆగిపోకండి. "ఇది ఎట్ల చేసినవ్?" అని కూడా అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.