కత్తీ కలమూ: చెన్నైలో అవయవ మార్పిడి చరిత్ర

గుండె, కాలేయం, మూత్రపిండం మార్చే శస్త్రచికిత్సలకు దేశంలో ముందుగా వినిపించే పేర్లలో చెన్నై ఒకటి. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు రోగులకు హైదరాబాదు కన్నా అదే దగ్గర. ఆ పేరు ఆపరేషన్ థియేటర్లలో మాత్రమే వచ్చింది కాదు. ఈ నగర వైద్యులు తాము చేసిన పనిని లెక్కగట్టి వైద్య పత్రికల్లో రాశారు, ఒకరితో ఒకరు బాహాటంగా వాదించుకున్నారు. చేతి నైపుణ్యం ఇక్కడికి త్వరగానే వచ్చింది. అవయవం న్యాయమైన దారిలో రోగికి చేరడానికి మాత్రం ఎంతో కాలం పట్టింది. ఆ ఆలస్యానికి కారణాలూ, అది తీరిన తీరూ చాలావరకు ఆ రాతల్లోనే దొరుకుతాయి.

1954 డిసెంబరులో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే ఒక కవల సోదరుడి కిడ్నీని మరొకరికి అమర్చడంతో ఆధునిక అవయవ మార్పిడి మొదలైంది. 1967 డిసెంబరులో కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ గుండె మార్చారు. మూడు నెలలు తిరగకముందే, 1968 ఫిబ్రవరిలో, బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో పి.కె. సేన్ అదే సాహసం చేశారు కానీ రోగి కొన్ని గంటలే బతికాడు. దేశంలో నిలిచిన తొలి విజయం చెన్నైకి పడమట ఉన్న వేలూరుది. 1971లో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో మోహన్‌రావు, కె.వి. జానీ బృందం రక్తసంబంధీకుడి కిడ్నీని రోగికి విజయవంతంగా అమర్చింది. మద్రాసు ఆసుపత్రులు ఈ విద్యను అందిపుచ్చుకోవడానికి ఆట్టే కాలం పట్టలేదు.

పరాయి అవయవాన్ని శరీరం శత్రువుగా చూసి తిప్పికొడుతుంది. కవలలు కానివారి మధ్య మార్పిడికి ఇదే పెద్ద అడ్డంకి. ఇంగ్లండులో రాయ్ కాన్ 1978లో రోగులపై వాడి చూపిన సైక్లోస్పోరిన్ మందు ఆ అడ్డంకిని చాలావరకు తొలగించింది. 1980లలో అది భారతదేశానికి వచ్చింది. దాంతో రక్తసంబంధం లేని మనిషి కిడ్నీ కూడా పనికొచ్చే స్థితి ఏర్పడింది. మెదడు చచ్చిపోయినా వెంటిలేటర్ మీద గుండె కొట్టుకుంటున్న మనిషిని మృతుడిగా గుర్తించే చట్టం అప్పటికి దేశంలో లేదు కనుక అవయవం బతికున్న మనిషి నుంచే రావాలి. డయాలసిస్ ఖర్చు సామాన్యుడు భరించగలిగేది కాదు. ఈ మూడూ ఒకే కాలంలో కలిసినచోట కిడ్నీకి ధర పుట్టింది. బొంబాయిలోనూ మద్రాసులోనూ దళారులు తయారయ్యారు. గల్ఫ్ దేశాల నుంచి కూడా రోగులు వచ్చారు. బొంబాయిలో కిడ్నీ కొనుక్కుని తిరిగి వెళ్లినవారిలో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి సోకినవాళ్లున్నారనీ, మరణాలు ఎక్కువగా ఉన్నాయనీ 1990లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశీలన ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసింది.

మద్రాసు శస్త్రవైద్యుడు కె.సి. రెడ్డి ఈ కాలపు చర్చలో తప్పించుకోలేని పేరు. సంబంధం లేని దాతలకు ప్రతిఫలం ఇచ్చి చేసిన మార్పిడులను ఆయన దాచలేదు. సహచరులు సి.ఎం. త్యాగరాజన్, షణ్ముగసుందరంలతో కలిసి వాటి వివరాలను 1990లో అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు. 1991లో వెలువడిన ఒక అంతర్జాతీయ సంకలనంలో ప్రతిఫలంతో కూడిన దానాన్ని భారతీయ దృష్టితో సమర్థించారు. 1993లో నేషనల్ మెడికల్ జర్నల్ ఆఫ్ ఇండియాలో, కొనడమా, చావనివ్వడమా అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టి నిషేధానికి ఎదురు నిలిచారు. ఆయన వాదనను కొట్టిపారేయడం తేలిక కాదు. ఇంట్లో ఇచ్చేవాళ్లు లేని రోగికి, డయాలసిస్ స్తోమత లేని రోగికి, మృతుల నుంచి అవయవం తీసుకునే వీలు లేని దేశంలో మిగిలిన దారి ఏమిటని ఆయన అడిగారు. అందరూ చాటుగా చేస్తున్న పనిని పేరుపెట్టి, లెక్కలతో రాసి, విమర్శకు ఒగ్గిన పరిశోధకుడాయన.

అదే నగరంలో, అపోలో ఆసుపత్రిలో పనిచేసిన మూత్రపిండ వైద్యుడు ఎం.కె. మణి దీనికి బద్ధవిరోధి. దానం పేరుతో జరిగే అమ్మకం బీదవాడి శరీరాన్ని ధనవంతుడి మరమ్మతు సామగ్రిగా మార్చేస్తుందని, అది మృతుల అవయవదానానికి కూడా అడ్డుపడుతుందని ఆయన వాదించారు. వాదనతో ఆగలేదు. కిడ్నీలు చెడిపోకుండా ముందే కాపాడుకోవడం మార్పిడి కన్నా మేలని నమ్మి, చెన్నై శివార్లలోని పల్లెల్లో కిడ్నీ హెల్ప్ ట్రస్ట్ ద్వారా ఇంటింటా రక్తపోటు, మధుమేహం పరీక్షలు చేయించి, చౌక మందులతో వాటిని అదుపు చేయించారు. ఈ పనికయ్యే ఖర్చు తలకు ఏడాదికి కొద్ది రూపాయలే అని 2003లో లెక్కలతో సహా ప్రచురించారు. ఉద్దానంలో ఊళ్లకు ఊళ్లు కిడ్నీ జబ్బుతో కుంగిపోయిన సంగతి తెలిసిన తెలుగువారికి ఈ పరిశోధన విలువ వేరే చెప్పనక్కరలేదు. ఉద్దానం రోగుల కోసం పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం తెరుచుకున్నది 2023 డిసెంబరులో, అంటే మణి వ్యాసం వచ్చిన ఇరవై ఏళ్లకు.

పార్లమెంటు 1994లో మానవ అవయవాల మార్పిడి చట్టం చేసింది. అది 1995 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1995లో సొంత చట్టం చేసుకుంది. అవయవాల కొనుగోలు, అమ్మకం నేరమైంది. మెదడు మరణం మరణంగా గుర్తింపు పొందింది. నలుగురు వైద్యుల బృందం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలని నియమం పెట్టారు. పార్లమెంటు చట్టం చేసిన ఏడాదే, 1994 ఆగస్టులో, ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో తొలిసారి గుండె మార్పిడిని విజయవంతం చేసిన పి. వేణుగోపాల్ రాజమండ్రిలో పుట్టినవారు. 1995లో చెన్నైలో కె.ఎం. చెరియన్ గుండె మార్పిడి చేశారు.

చట్టంలో ఒక సందు మిగిలిపోయింది. ఆప్యాయతతో ఇచ్చే పరాయివాళ్లను ఆథరైజేషన్ కమిటీ అనుమతించవచ్చు. ఆ సందులోంచి వ్యాపారం మళ్లీ లోపలికి వచ్చింది. ఉత్తర చెన్నైలోని విల్లివాక్కాన్ని జనం కిడ్నీవాక్కం అని పిలిచేవారు. అమ్మినవాళ్లకు నిజంగా ఏం మిగిలిందో తేల్చినది మాధవ్ గోయల్, రవీంద్ర మెహతా, లారెన్స్ ష్నైడర్మన్, అశ్విని సెహగల్‌ల అధ్యయనం. 2001లో వాళ్లు చెన్నైలో కిడ్నీ అమ్మిన 305 మందిని ప్రశ్నించారు. ఫలితాలు 2002లో జామా పత్రికలో వచ్చాయి. అమ్మినవాళ్లలో 71 శాతం ఆడవాళ్లు. 96 శాతం మంది అప్పు తీర్చడానికే అమ్మారు. సగటున చేతికొచ్చింది 1,070 డాలర్లు, ఒప్పుకున్న మొత్తం కన్నా తక్కువ. ఆ తర్వాత కుటుంబ ఆదాయం మూడో వంతు పడిపోయింది. నాలుగింట మూడొంతుల మంది అప్పుల్లోనే ఉండిపోయారు. 86 శాతం మంది ఆరోగ్యం దెబ్బతిన్నదని చెప్పారు. మీలాగే మరొకరిని అమ్మమంటారా అంటే 79 శాతం వద్దన్నారు.

కిడ్నీ అమ్మకం పేదవాణ్ణి గట్టెక్కిస్తుందన్న మాట ఈ 305 మంది జవాబుల ముందు నిలవలేదు. రెడ్డి కోరింది నియంత్రణతో కూడిన పద్ధతే గాని దళారుల రాజ్యం కాదన్నది నిజమే. కానీ ఆ నియంత్రణ చెన్నైలో ఎన్నడూ ఏర్పడలేదు. 2007లో ఎర్ణావూరులో సునామీ బాధితుల పునరావాస కాలనీలో ఆడవాళ్లు కిడ్నీలు అమ్ముకున్నారని వార్తలు బయటపడ్డప్పుడు ప్రభుత్వం ఇక కదలక తప్పలేదు.

అప్పటికే మరో దారి వేస్తున్నవాళ్లున్నారు. యూరాలజిస్టు, మార్పిడి శస్త్రవైద్యుడు సునీల్ ష్రాఫ్ 1997లో చెన్నైలో మోహన్ ఫౌండేషన్ స్థాపించారు. ఐసీయూ బయట కూర్చున్న కుటుంబంతో మాట్లాడడం శస్త్రవైద్యుడి పని కాదనీ, దానికి శిక్షణ పొందిన సమన్వయకర్తలు కావాలనీ ఈ సంస్థ గ్రహించి, వాళ్లకు శిక్షణ మొదలుపెట్టింది. చెన్నై, హైదరాబాదు ఆసుపత్రుల మధ్య అవయవాలను పంచుకునే ఏర్పాటు కూడా నడిపింది. చట్టం లోటుపాట్ల మీద ష్రాఫ్ రాసిన వ్యాసాలు ఇవాళ్టికీ ఈ రంగంలో చదవదగినవే.

2008 సెప్టెంబరులో రోడ్డు ప్రమాదంలో మెదడు మరణం పొందిన ఒక కుర్రాడి అవయవాలను అతని తల్లిదండ్రులు దానం చేశారు. ఇద్దరూ డాక్టర్లే. గుండెను చెన్నైలోని తేనాంపేట నుంచి మొగప్పేర్‌కు చేర్చడానికి పోలీసులు దారి పొడవునా ట్రాఫిక్ ఆపారు. మామూలుగా ముప్పావుగంట పట్టే దూరాన్ని బండి పదకొండు నిమిషాల్లో దాటింది. అక్కడ చెరియన్ ఆసుపత్రిలో ఆ గుండె తొమ్మిదేళ్ల పాపకు అమరింది. శరీరం బయటికి తీసిన గుండె సాధారణంగా నాలుగు గంటలకు మించి నిలవదు కనుక ఆ నిమిషాలన్నీ లెక్కలోకి వచ్చేవే. తమిళనాడంతటా ఇళ్లలో ఈ సంగతి మాట్లాడుకున్నారు. ఆ తర్వాతి నెలల్లో దానాలు పెరిగాయి.

జనం కరిగిన ఆ సమయానికి ప్రభుత్వం దగ్గర పద్ధతి సిద్ధంగా ఉండడం తమిళనాడు అదృష్టం. అదే ఏడాది మృతదాతల అవయవ మార్పిడి కార్యక్రమం మొదలైంది. దాన్ని నడిపించినది జె. అమలోర్పవనాథన్ అనే ప్రభుత్వ రక్తనాళ శస్త్రవైద్యుడు. దాత ఉన్న ఆసుపత్రికి కొన్ని అవయవాల మీద మొదటి హక్కు, రెండో కిడ్నీ ఉమ్మడి జాబితాకు, అందులో ప్రభుత్వాసుపత్రులకు ముందు వరస అన్న నియమాలు పెట్టారు. ప్రైవేటు ఐసీయూలో కన్నుమూసిన మనిషి కిడ్నీ జనరల్ ఆసుపత్రి వార్డులోని కూలీకి చేరే వీలు ఈ నియమాలతోనే వచ్చింది. కార్యక్రమంలో ఇంతకన్నా మెచ్చదగిన భాగం లేదు. 2014 డిసెంబరులో దీనికి ట్రాన్స్‌టాన్ పేరుతో స్వతంత్ర సంస్థ రూపం వచ్చింది. అంతకుముందే, 2013లో, ఇదే బాటలో హైదరాబాదులో నిమ్స్ కేంద్రంగా జీవన్‌దాన్ మొదలైంది.

కాలేయం విషయంలో చెన్నై పేరు మహమ్మద్ రేలాతో ముడిపడి ఉంది. మయిలాడుదురై ప్రాంతంలో పుట్టి, స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివి, లండన్ కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో పనిచేసిన ఈ శస్త్రవైద్యుడు 1997లో పుట్టి ఐదు రోజులైన పాపకు కాలేయ మార్పిడి చేసి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. అంతకన్నా నిలిచేది ఆయన పరిశోధన. కాలేయాన్ని రక్తనాళాల వెంబడి ఎనిమిది ఖండాలుగా విడదీయవచ్చు. ప్రతి ఖండానికీ తన రక్తమూ తన పైత్యనాళమూ ఉంటాయి. అందువల్ల ఒక మృతదాత కాలేయాన్ని పెద్దవాడికీ పసివాడికీ పంచవచ్చు. ఇంకో పద్ధతిలో రోగి సొంత కాలేయాన్ని పూర్తిగా తీసేయకుండా, పక్కన దాత కాలేయపు ముక్క అమరుస్తారు. హఠాత్తుగా చెడిన సొంత కాలేయం మళ్లీ పెరిగి కోలుకుంటే, మెల్లగా మందులు మానిపించి ఆ ముక్కను వాడిపోనిస్తారు. రోగికి జీవితాంతం మందులు మింగే బాధ తప్పుతుంది. పుట్టుకతోనే కామెర్లు తగ్గని క్రిగ్లర్-నజ్జర్ జబ్బుకు ఈ పద్ధతి పనికొస్తుందని రేలా బృందం 1999లో చూపింది.

2009లో ఆయన చెన్నైకి వచ్చారు. 2015లో ఇక్కడి బృందం ప్రచురించిన ఒక వ్యాసం ఈ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లింది. వేర్వేరు జన్యులోపాలున్న రెండు కాలేయాల భాగాలు ఒకే శరీరంలో కలిస్తే, ఒకదానిలో లేని ఎంజైమును మరొకటి అందిస్తుంది. పారేయవలసిన కాలేయం ఆ విధంగా మరొకరికి మందవుతుంది. 2018లో క్రోంపేటలో రేలా పేరుతో ఆసుపత్రి మొదలైంది.

ఈ విద్య ప్రైవేటు ఆసుపత్రులకే పరిమితం కాలేదు. స్టాన్లీ ప్రభుత్వాసుపత్రిలో ఆర్. సురేంద్రన్ బృందం కాలేయ మార్పిడులు చేసింది. అదే ఆసుపత్రిలో 2018 ఫిబ్రవరిలో వి. రమాదేవి నాయకత్వాన ఒక కూలీకి రెండు చేతులూ అమర్చారు.

2023 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం అవయవదాతలకు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు ప్రకటించింది. ఆ ఏడాది 252 మంది మృతదాతలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది 268 మందితో తమిళనాడు ఆ స్థానాన్ని తిరిగి తెచ్చుకుంది. దేశం మొత్తం మీద 2023లో 18,378 మార్పిడులు జరిగితే మృతదాతలు 1,099 మంది మాత్రమే, అంటే పది లక్షల జనాభాకు ఒక్కరు కూడా లేరు.