సిద్ధబీజ బాక్టీరియాలో సిగ్మా కారకాలు: ఒక పొరపాటు, ఒక ఆవిష్కరణ

ఆంత్రాక్స్ బాక్టీరియా సిద్ధబీజాలను ఏర్పరుస్తుందని రాబర్ట్ కాక్ 1876లో వివరించాడు. అయితే పోషకాలు తరిగినప్పుడు కణం పాత జన్యువులను ఆపి, సిద్ధబీజానికి కావలసిన జన్యువులను ఎలా పనిలోకి దించుతుంది? ఈ ప్రశ్నకు దాదాపు వందేళ్లు జవాబు దొరకలేదు.

డి.ఎన్.ఎ. నుంచి ఆర్.ఎన్.ఎ.ను అనులేఖనం చేసే ఎంజైము ఆర్.ఎన్.ఎ. పాలిమరేజ్ అని మీకు తెలుసు. అది ఏ జన్యువు వద్ద మొదలుపెట్టాలో చూపే ప్రోటీను సిగ్మా కారకం. దీన్ని 1969లో ఇ. కోలైలో కనుగొన్నారు. అదే ఏడాది రిచర్డ్ లోసిక్, అబ్రహాం సోనెన్‌షైన్ బాసిల్లస్ సబ్టిలిస్‌పై చేసిన ప్రయోగాన్ని ప్రకటించారు. పెరుగుతున్న కణాల పాలిమరేజ్ ఒక బాక్టీరియోఫాజ్ డి.ఎన్.ఎ.ను చక్కగా అనులేఖనం చేసింది. సిద్ధబీజాలను ఏర్పరుస్తున్న కణాల పాలిమరేజ్ చేయలేకపోయింది. ఎంజైములోని బీటా ఉపప్రమాణం చిన్నదైపోవడమే కారణమని 1970లో వివరణ వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగండి. ఆ వివరణ నిలవలేదు. సిద్ధబీజ దశలో ఈ బాక్టీరియా ప్రోటీన్లను కత్తిరించే ప్రోటియేజ్‌లను విరివిగా తయారుచేస్తుంది. కణాలను పగలగొట్టి ఎంజైమును వేరుచేసే సమయంలో అవే బీటాను కోశాయి! అంటే మార్పు జరిగింది కణంలో కాదు, పరీక్షనాళికలో. ఈ సంగతి కొద్ది సంవత్సరాల్లోనే తేలింది. చాలా పాఠ్యపుస్తకాలు ఈ ఘట్టాన్ని దాటవేస్తాయి. అది సరికాదని నా అభిప్రాయం. వివరణ పోయినా ప్రశ్న మిగిలింది, లోసిక్ దాన్ని వదల్లేదు.

1979లో హాల్డెన్‌వాంగ్, లోసిక్ కలిసి 37,000 డాల్టన్ల కొత్త సిగ్మాను కనుగొన్నారు. తమాషా ఏమిటంటే, ఇది సిద్ధబీజాలకు అవసరం లేదనీ, వేడి వంటి ఒత్తిళ్లను తట్టుకోవడానికి పనికొస్తుందనీ తర్వాత తెలిసింది. దీన్నే ఇప్పుడు సిగ్మా-బి అంటున్నాం. అసలైన సిద్ధబీజ కారకం 1981లో చిక్కింది. అదే నేటి సిగ్మా-ఇ.

ఇప్పటి అవగాహన ప్రకారం, కణం అసమానంగా రెండుగా విడిపోయాక చిన్న గదిలో, అంటే రాబోయే సిద్ధబీజంలో, మొదట సిగ్మా-ఎఫ్, తర్వాత సిగ్మా-జి పనిచేస్తాయి. పెద్ద గది అయిన మాతృకణంలో సిగ్మా-ఇ, ఆపై సిగ్మా-కె పనిచేస్తాయి. ఒక గదిలోని కారకం రెండో గదిలోని కారకానికి సంకేతం పంపుతుంది.

సిగ్మా-కె జన్యువు రెండు ముక్కలుగా ఉంటుందని 1989లో చూపారు. మధ్యలోని డి.ఎన్.ఎ.ను తొలగిస్తేనే ఆ ముక్కలు కలుస్తాయి. ఈ తొలగింపు మాతృకణంలో మాత్రమే జరుగుతుంది. సిద్ధబీజం పూర్తయ్యాక మాతృకణం ఎలాగూ చచ్చిపోతుంది కనుక, కత్తిరించిన క్రోమోజోము తర్వాతి తరానికి చేరదు.