ఎండెన్ మాతృదళం: కొరొనెల్ యుద్ధ ప్రత్యామ్నాయ ఫలితాలు – కోరమండల్ తీరం దృష్టితో ఒక పరిశీలన

ప్రవేశిక

1914 సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఎండెన్ అనే జర్మన్ క్రూయిజర్ మద్రాసు రేవు ఎదుట నిలిచి, కొద్ది నిమిషాల వ్యవధిలో సుమారు 125 ఫిరంగి గుండ్లను ప్రయోగించింది. బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులలో రెండు అంటుకొని, దాదాపు మూడున్నర లక్షల గ్యాలన్ల కిరసనాయిలు తగలబడింది. ఆ తరువాతి రోజులలో వేలాది ప్రజలు నగరం విడిచి వెళ్ళారు. హైకోర్టు ప్రహరీ మీది ఫలకం నేటికీ ఆ రాత్రిని గుర్తుచేస్తుంది.

తెలుగులో ఈ ఘటనను ప్రస్తావించినవారు సాధారణంగా దీన్ని ఒక వింతగానే చెప్పి ముగిస్తారు. ఒంటరి ఓడ ఒకటి ఎక్కడినుంచో వచ్చింది, కాల్చింది, చీకటిలో కలిసిపోయింది. నిజానికి ఎండెన్ వైస్ అడ్మిరల్ మాక్సిమిలియన్ ఫాన్ ష్పే నాయకత్వంలోని తూర్పు ఆసియా నౌకాదళంలో ఒక భాగం. ఆ మాతృదళం 1914 నవంబరు 1న చిలీ తీరంలో కొరొనెల్ వద్ద బ్రిటిష్ క్రూయిజర్ దళాన్ని ఓడించింది. డిసెంబరు 8న ఫాక్‌లాండ్ దీవుల వద్ద తానే నాశనమైంది. ఈ రెండు యుద్ధాల ఫలితాలు వేరుగా ఉంటే ఏమయ్యేదన్న చర్చ నౌకాయుద్ధ చరిత్రకారులలో చాలాకాలంగా సాగుతున్నది. ఆ ప్రశ్ననే కోరమండల్ తీరం వైపు నుంచి, అందులోనూ తెలుగు జిల్లాల వైపు నుంచి అడగడం ఈ వ్యాసం ఉద్దేశం.

చేదర్థకం గురించి ఒక మాట

‘వాన కురిస్తే పంట పండుతుంది’ అన్న వాక్యంలోని చేదర్థకం జరగడానికి వీలున్న దానిని చెబుతుంది. ‘వాన కురిసి ఉంటే పంట పండి ఉండేది’ అన్నప్పుడు వాన కురవలేదన్న సంగతి వాక్యంలోనే ఇమిడి ఉంటుంది. ‘ఉండు’ ధాతువును చేర్చి తెలుగు ఈ భేదాన్ని స్పష్టంగా పాటిస్తుంది. చరిత్రకారులకు ఈ రెండవ వాక్యంతోనే పేచీ. ఇ.హెచ్. కార్ ఇటువంటి ఊహలను కాలక్షేపపు ఆటగా తోసిపుచ్చారు. 1997లో వచ్చిన ‘వర్చువల్ హిస్టరీ’ సంకలనంలో నియల్ ఫెర్గూసన్ ఒక నియమంతో వాటికి చోటిచ్చారు: ఆనాటివారు నిజంగా ఆలోచించిన ప్రత్యామ్నాయాలనే పరిశీలించాలి.

ఈ నియమం లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి దూరం పోనక్కరలేదు. చెంపకరామన్ పిళ్ళై ఎండెన్‌లో ఉండి మద్రాసు దాడిని నడిపించాడన్న కథ దక్షిణాదిలో విస్తృతంగా ప్రచారంలో ఉంది. ఆయన అప్పుడు ఐరోపాలో ఉన్నారు. ‘మనవాడొకడు ఆ ఓడలో ఉండి ఉంటే’ అన్న కోరిక క్రమంగా ‘ఉన్నాడు’ అన్న క్రియగా మారిపోయింది.

కొరొనెల్, ఫాక్‌లాండ్

కొరొనెల్ వద్ద రియర్ అడ్మిరల్ క్రాడాక్ చేతిలో గుడ్ హోప్, మన్‌మత్, గ్లాస్గో, ఒట్రాంటో అనే నాలుగు ఓడలున్నాయి. ష్పే వద్ద ఉన్న షార్న్‌హార్స్ట్, గ్నైసెనావు కవచ క్రూయిజర్లలో ఒక్కొక్కదానికి 21 సెంటీమీటర్ల ఫిరంగులు ఎనిమిదేసి. గుడ్ హోప్‌కు వాటితో తూగగల భారీ ఫిరంగులు రెండే. సూర్యుడు బ్రిటిష్ ఓడల వెనుక అస్తమించేవరకు ష్పే ఆగాడు. ఆ తరువాత పడమటి వెలుగులో అవి నల్లని ఆకారాలై గురికి సులువుగా దొరికాయి. గుడ్ హోప్, మన్‌మత్ మునిగాయి. వాటిలోని పదహారు వందల మంది దాకా మరణించారు, ఒక్కరూ బతకలేదు.

ఇక్కడ క్రాడాక్ ముందు నిజంగా ఉన్న ప్రత్యామ్నాయం కెనోపస్ అనే పాత యుద్ధనౌక. 12 అంగుళాల ఫిరంగులు నాలుగున్న ఆ ఓడ బొగ్గు ఓడలకు కాపలాగా దాదాపు మూడు వందల మైళ్ళ వెనుక వస్తున్నది. క్రాడాక్ దానికోసం ఆగి ఉంటే పరాజయం తప్పి ఉండేదన్నది చర్చిల్ వాదనలోని సారాంశం. ఆ మాట కొంతవరకే నిజం. కెనోపస్ పక్కన ఉంటే ష్పే దగ్గరికి వచ్చేవాడు కాడు, కెనోపస్ వేగంతో క్రాడాక్ అతన్ని తరమగలిగేవాడూ కాడు. అంటే ఆ ప్రత్యామ్నాయంలో బ్రిటిష్ విజయం లేదు. యుద్ధమే లేదు.

యుద్ధం జరగకపోతే హిందూ మహాసముద్రంలో వచ్చే మార్పు ఒకటి కచ్చితంగా చెప్పవచ్చు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులతో నవంబరు 1న ఆల్బనీ నుంచి బయలుదేరిన ఓడల వరుసకు కాపలా ఉన్న మైనటార్‌ను, కొరొనెల్ వార్త కారణంగా నవంబరు 8న దక్షిణాఫ్రికా వైపు మళ్ళించారు. మరునాడు ఉదయమే ఎండెన్ కోకోస్ దీవుల తంతి కేంద్రాన్ని ధ్వంసం చేయడానికి వచ్చింది. కాపలా ఓడలలో ఒకటైన సిడ్నీ వెళ్ళి దాన్ని నాశనం చేసింది. మైనటార్ ఉండి ఉంటే ఎండెన్‌ను తాకడానికి మరొక ఓడ అందుబాటులో ఉండేది. అంతకుమించి తేడా లేదు.

ఫాక్‌లాండ్ విషయంలో ప్రత్యామ్నాయం మరింత గట్టిది. పోర్ట్ స్టాన్లీ మీద దాడి వద్దని ష్పే కెప్టెన్లలో కొందరు గట్టిగానే చెప్పారు. ఆయన వినలేదు. ఇన్విన్సిబుల్, ఇన్‌ఫ్లెక్సిబుల్ అనే రెండు బ్యాటిల్ క్రూయిజర్లతో స్టర్డీ అంతకు ముందు రోజే అక్కడికి చేరాడు. ష్పే, అతని ఇద్దరు కుమారులు, అయిదు ఓడలలో నాలుగు ఆ ఒక్కరోజునే పోయాయి. కెప్టెన్ల మాట విని ఉంటే ఆ దళం దక్షిణ అట్లాంటిక్‌లో మరికొన్ని వారాలు తిరిగి ఉండేది. కాని దాని ప్రయాణం స్వదేశం వైపు. కొరొనెల్‌లో భారీ గుండ్లు దాదాపు సగం ఖర్చయ్యాయి, తిరిగి నింపుకోవడానికి రేవు లేదు. ఈ రెండు యుద్ధాలను ఎన్ని విధాలుగా తిరగరాసినా ష్పే బంగాళాఖాతంలోకి రాడు.

బొగ్గు

కనుక మన తీరానికి సంబంధించిన నిర్ణయం ఈ యుద్ధాలలో జరగలేదు. అది ఆగస్టు 13న పసిఫిక్‌లోని పేగన్ దీవి వద్ద జరిగిన కెప్టెన్ల సమావేశంలో జరిగింది. దళమంతటినీ దక్షిణ అమెరికా వైపు నడిపించాలని ష్పే అనుకున్నప్పుడు, కనీసం ఒక చిన్న క్రూయిజర్‌నైనా హిందూ మహాసముద్రానికి పంపాలని ఎండెన్ కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ కోరాడు. ష్పే ఒప్పుకొన్నాడు. దళమంతా అటు రాకపోవడానికి ఆయన చూసిన ప్రధాన కారణం బొగ్గు. పదకొండు వేల టన్నులు మించిన కవచ క్రూయిజర్లు రెండింటికి ఆ సముద్రంలో బొగ్గు దొరికే చోటు లేదు. 3,600 టన్నుల ఎండెన్ మాత్రం పట్టుకున్న ఓడల బొగ్గుతోనే బతకగలదు. అలాగే బతికింది కూడా: మొదట పోంటోపోరోస్‌లోని బెంగాల్ బొగ్గు, ఆ తరువాత బ్యూరెస్క్‌లోని వేల్స్ బొగ్గు.

కోరమండల్ తీరానికి సంబంధించి నిలబడగల ‘ఉంటే’ ఇదే: ష్పే ముల్లర్ కోరికను కాదని ఉంటే? అప్పుడు మద్రాసులో కిరసనాయిలు కాలి ఉండేది కాదు, కొలంబో–కలకత్తా మార్గంలో ఓడలు రేవులలో ఆగి ఉండేవి కావు. ఫిరంగుల లెక్కలలో మునిగిన చరిత్రకారులు ఈ చిన్న సమావేశాన్ని ఒక పేరాతో దాటవేయడం నాకు ఆశ్చర్యంగా తోస్తుంది.

మెట్ట తాలూకాలు, రంగూన్ రేవు

ఈ లెక్కను సముద్రానికి నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అప్పటి కృష్ణా జిల్లా మెట్టలో, గరికపాడు, జగ్గయ్యపేట, నందిగామల వద్ద నిలబడి చూస్తే మరొక సంగతి తెలుస్తుంది. అప్పటి నందిగామ తాలూకాలో ఫిరంగి మోత ఎవరికీ వినిపించదు. అయితే మద్రాసులో కాలినది పల్లె బుడ్డిదీపాలలో పోసే సరకే, అది రంగూన్ నుంచి ఓడల మీద వచ్చేది. బెజవాడను హైదరాబాదుతో 1889 నుంచి, మద్రాసుతో 1899 నుంచి రైలు కలిపింది కాబట్టి, తీరపు ఓడలు ఆగినా ఈ ప్రాంతపు సరకుకు రైలుదారి ఉంది. రంగూన్‌కు మాత్రం రైలు లేదు.

తెలుగువారికి ఆ సముద్రం మీద ఉన్న అసలు పణం కూడా అక్కడే ఉంది. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి కూలీలు స్టీమర్లలో బర్మాకు వెళ్ళేవారు. వరికోతలు, ధాన్యపు మిల్లుల పని వారి జీవనాధారం. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అన్న పేరే స్థిరపడింది. ఏడాది చివరి నెలలు వారి ప్రయాణాల కాలం. ఎండెన్ సెప్టెంబరులో బంగాళాఖాతంలో ఉంది. మద్రాసు దాడి తరువాత దక్షిణంగా సింహళం చుట్టూ, మినికాయ్ వైపు, డియెగో గార్సియాకు వెళ్ళింది. అక్టోబరు 28న పినాంగ్‌లో తేలింది. మార్గాలు ఖాళీ అవుతుండగా, వెంటాడే ఓడలు చేరువవుతుండగా ఒకేచోట నిలవకపోవడం ముల్లర్ పద్ధతి. ఆయన ఇక్కడే ఉండిపోయి ఉంటే కూలీల స్టీమర్లే ఎదురుపడి ఉండేవి. పట్టుకున్న ఓడలను ముంచేముందు మనుషులను దించి, కబింగా వంటి ఓడలో ఎక్కించి పంపిన కెప్టెన్ ఆయన. కాని కబింగాలో ఎక్కించినవి కొన్ని ఓడల సిబ్బంది మాత్రమే. వందలాది కూలీలతో నిండిన ఒక్క స్టీమరు చేతికి చిక్కినా, వారిని దించడానికి ఆయన దగ్గర ఓడ ఉండేది కాదు. అటువంటి ఓడను వదిలిపెట్టక ఆయనకు గత్యంతరం లేదు.

భయం సంగతి వేరు. ఆంధ్రపత్రిక 1914 ఏప్రిల్ 1న మద్రాసులో దినపత్రికగా మొదలై, దాడి నాటికి ఆరు నెలలు కూడా నిండలేదు. బందరులో కృష్ణాపత్రిక వారం వారం వస్తున్నది. ముల్లర్ ఏ ఓడను వదిలాడో, దేనిని ముంచాడో ఆ పత్రికలలో చదివినవారి సంఖ్య స్వల్పం. రేవు మెట్ల మీద మూట పట్టుకొని నిలుచున్న కోరంగీ విన్నది మద్రాసు కాలిందన్న మాట. ఆ ఏటి సెప్టెంబరు–డిసెంబరు నెలల కాకినాడ, విశాఖపట్నం రేవుల ప్రయాణికుల లెక్కలను ముందు వెనుక సంవత్సరాలతో పోల్చి చూస్తే, ఎండెన్ తెలుగు తీరాన్ని ఎంత తాకిందో ఫలకాల కంటే స్పష్టంగా తేలుతుంది.