పాత దస్తరము, క్రొత్త కచేరీ

క్రీ. శ. 1853వ సంవత్సరము మే నెల తుదిదినములలో మీర్ తురాబ్ అలీఖాను అను 24 ఏండ్ల యువకుడు హైదరాబాదు రాజ్యమునకు దివాను అయ్యెను. చరిత్రలో మొదటి సాలారుజంగుగా ప్రసిద్ధి కెక్కినవాడు ఇతడే. నగరమందలి వస్తుప్రదర్శనశాలను చూచి వచ్చినవారు పలువురు ఆ వింతవస్తువులన్నియు ఇతడు సేకరించినవే యనుకొందురు గాని, వానిలో హెచ్చుభాగము కూర్చినవాడు ఇతని మనుమడు. ఇతడు కూర్చినది వస్తువులను కాదు, కచేరీలను.

పదవి లభించిన వేళ శుభవేళ కాదు. ఆంగ్ల సేనానుల క్రింద నడచుచు నైజాము ధనముతో జీతములు పొందుచుండిన కంటింజెంటు సైన్యపు బాకీ నిమిత్తము బీరారు, రాయచూరు అంతర్వేది, ధారాశివ మండలములు ఆ నెలలోనే కుంపిణీవారి వశమయ్యెను. ఆ ఒడంబడిక జరిగి వారము తిరుగకుండనే అప్పటి దివాను, ఇతని తండ్రికి సోదరుడు నగు సిరాజుల్ముల్కు కాలధర్మము నొందెను. బొక్కసమున ధనము లేదు. బయట అప్పు కోట్లకు చేరెను. పరదేశపు సిపాయిలు జీతములకై దివాను గుమ్మముకడ కూర్చుండు దినములవి.

ఆనాటి వ్యవస్థ ఎట్లుండెనో తెలిసిననే గాని ఈ యువకుడు చేసిన పని విలువ తెలియదు. సుమారు మూడున్నర దశాబ్దులు పెత్తనము చేసి 1843లో తప్పుకొనిన రాజా చందూలాలు కాలమున శిస్తు వసూలు ఇజారాల పాలయ్యెను. ఎవడు హెచ్చు నజరానా ముందుగా చెల్లించునో వానికే తాలూకా. చెల్లించినవాడు ఆ సొమ్మును సావుకారుకడ వడ్డీకి తెచ్చినవాడు గనుక, మొదటి పంటలోనే అసలు, వడ్డీ, లాభము మూడును రాబట్టుకొనవలెను. మఱుసటి యేడు తాలూకా తనదిగా నుండునో, ఇంకొకడు పాట పెంచి తన్నుకొనిపోవునో యెవరికి తెలియును? మొగలాయి కాలపు ఉద్యోగి యొకడు నియామకపత్రము పుచ్చుకొని గుఱ్ఱపు తోకవైపు ముఖము పెట్టి కూర్చుండి బయలుదేరెనట. ఏమయ్యా యిది యని యడుగగా, నా వెనుక నా స్థానమునకు వచ్చువాడు కనబడునేమో చూచుచున్నాననెనట! ఈ కథ నిజమో కల్పనయో గాని, ఇజారాదారుని మనసు ఇంతకంటె బాగుగా చెప్పుట కష్టము. గుత్త కాక జమకట్టి వసూలు చేయు తాలూకాదారునకు గూడ జీతము లేదు. వసూలైన రూపాయికి రెండణాలు అతని భాగము. ఇక అరబ్బు, రోహిలా జమేదారులు ఒకచేత కత్తిని, ఒకచేత అప్పుపత్రమును పట్టినవారు. తమకు రావలసినది రానిచో తాలూకానే తాకట్టుగా పుచ్చుకొని వసూలునకు తామే దిగెడివారు. రాజభటుడెవడో, దోపిడికాడెవడో రైతునకు తెలియని కాలము.

ఈ రోగము క్రొత్తది కాదు. రాజధనమును ఉద్యోగులు అపహరించు విధములను కౌటిల్యుడు అర్థశాస్త్రమున నలువదిగా లెక్కించెను. పలువురు పండితులు ఆ నలువదింటిని ముచ్చటగా ఉదాహరింతురు. కాని అదే గ్రంథమున, ఏటికి 48,000 పణములు పొందు మంత్రి పురోహితులు మొదలుకొని 60 పణములు పొందు క్రింది సేవకుని వఱకు ఎవరి కెంత భృతి యీయవలెనో పట్టికగా చెప్పబడి యున్న సంగతిని అంతగా తలపరు. భారతమున సభాపర్వమందు నారదుడు ధర్మరాజును అడిగిన కుశలప్రశ్నలలో, సేవకులకు జీతములు కాలాతిక్రమము లేక ఇచ్చుచున్నావా యనునదియు నొకటి. దొంగతనము నలువది విధములని చెప్పుటకు ముందు, వానికి జీతమిచ్చితిమా యని చూచుకొనవలెనని పెద్దల ఆలోచన కాబోలు.

సాలారుజంగు ఈ మార్గమునే పట్టెను. దివాను కాకముందు అతడు కొంతకాలము ఖమ్మము తాలూకాదారుగా నుండెను. అంతకు పూర్వము ఆ ప్రాంతమును డైటన్ అను ఆంగ్లేయుడు నైజాము కొలువున నుండి పాలించి, లెక్కలను ఒక క్రమమునకు తెచ్చియుండెను. సాలారుజంగు ఆ క్రమమును చెరుపక నేర్చుకొనెను. తెలంగాణపు పల్లె లెక్కలలో నేర్చిన పాఠమే తరువాత రాజ్యమంతటికిని ఉపకరించెననుట అతిశయోక్తి కాదు. తాకట్టులో నున్న తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించుచు, విడిపించిన చోటనెల్ల ఇజారాదారుని తొలగించి జీతముపై పనిచేయు తాలూకాదారుని నియమించుచు వచ్చెను. వసూలైన సొమ్ము నగరమందలి ప్రభుత్వ ఖజానాకు చేరవలెను. వ్యయము అచటినుండియే జరుగవలెను. వినుటకు ఇది సామాన్యముగా తోచును. కాని అంతవఱకు శిస్తు రైతు చేతినుండి ఖజానాకు పోవు దారిలో ఎందఱి యిండ్ల ముంగిట ఆగెడిదో తలచుకొనిన, దీని నిగ్గు తేలును.

నాణెముల విషయమును గూడ ఇచట చెప్పవలెను. గద్వాల, నారాయణపేట మొదలగు చోట్ల వేఱువేఱు టంకసాలలుండి, రూపాయల తూకమును వెండియు చోటుచోటునకు మాఱుచుండెను. సరాఫు చేతిలో పెట్టినగాని రూపాయి విలువ తేలదు. తేల్చినందుకు వానికి వట్టము. శిస్తు కట్టు రైతు రెండుమార్లు నష్టపడెను. సాలారుజంగు చిల్లర టంకసాలలను క్రమముగా మాన్పించి హాలీ సిక్కాను నిలిపెను. లెక్క వ్రాయువానికి దీనివలన కలిగిన సుఖము లెక్క వ్రాసినవానికే తెలియును!

ఇంతవఱకు జరిగినది దుష్టులను తొలగించుట. దుష్టులు కానివారిని ఏమి చేయవలెననునదే కఠినమైన ప్రశ్న. నైజాము రాజ్యమున పూర్వమునుండి రెండు గొప్ప దస్తరములు కలవు. ఒకటి దఫ్తరె మాల్, మఱియొకటి దఫ్తరె దివానీ. తెలంగాణపు లెక్కలు మొదటిదానిలో, మరాఠ్వాడా ప్రాంతపు లెక్కలు రెండవదానిలో నుండెను. మొదటిది మాల్వాలా యను కాయస్థ కుటుంబమువారికి, రెండవది రాయిరాయాను బిరుదము గల మహారాష్ట్ర బ్రాహ్మణ కుటుంబమువారికి వంశపరంపరగా సంక్రమించినవి. జాగీరు సనదులు, ఇనాముల దాఖలాలు, గ్రామముల జమాబందులు సర్వమును వారి యిండ్లలోనే యుండెడివి. ఏ భూమి ఎవనిదో చెప్పవలసివచ్చినపుడు దివానైనను వారినే అడుగవలెను. వారు చెప్పినదే ప్రమాణము. వారు దొంగలని ఎవరును అనలేదు. కాని ప్రభుత్వపు జ్ఞాపకశక్తి యంతయు రెండిండ్ల బీరువాలలో నుండుట ప్రభుత్వమునకు క్షేమమా?

సాలారుజంగు ఆ దస్తరములను రద్దు చేయలేదు. దఫ్తరుదారుల బిరుదములను, జాగీరులను, దర్బారునందలి స్థానములను తాకలేదు. ప్రక్కన క్రొత్త కచేరీలను తెఱచెను. క్రొత్త ఉత్తరువులు క్రొత్త కచేరీకి పోయెను. లెక్కలను తనిఖీ చేయుటకు వేఱుగా మహాసిబు కార్యాలయ మేర్పడెను. ఏటేట పాత దస్తరమునకు వచ్చు కాగితములు తగ్గెను. పదవి యున్నది, పని లేదు. వసంతము రాని చెట్టువలె ఆ గృహములు నిలిచి నిలిచి ఎండెను. ఇది దయయా, క్రౌర్యమా యనునది తేల్చుట సులభము కాదు. 1984లో ఆంధ్రప్రదేశమున గ్రామ కరణపు పదవులు ఒక్క శాసనముతో రద్దయినపుడు, గ్రామ లెక్కలు తరతరములుగా దాచిన యిండ్లనుండి కచేరీలకు చేరినవి. దానిని చూచినవారు సాలారుజంగు పద్ధతితో పోల్చిచూతురు గాక. ఒకచోట ఒక్క దెబ్బ, ఒకచోట ముప్పదియేండ్ల నిశ్శబ్దము. అవమానమున హెచ్చుతగ్గులు కలవేమో గాని ఫలము ఒకటే. అయినను ఒక్క భేదము మఱవరాదు. సాలారుజంగు కాలమున పాతవాడు బ్రదికియుండగనే క్రొత్తవాడు పని నేర్చెను గనుక, ఏ యేడును లెక్క తెగలేదు.

1865లో, అనగా 1275 ఫసలీలో, జిలాబందీ జరిగెను. రాజ్యము 5 సుభాలుగను 14 జిల్లాలుగను విభజింపబడెను. జిల్లాకు మొదటి తాలూకాదారు, అతని క్రింద రెండవ, మూడవ తాలూకాదారులు, తాలూకాకు తహసీలుదారు. అందఱికిని నెలజీతములు. పోలీసు, న్యాయ, రెవిన్యూ శాఖలు వేర్వేరుగా రూపొందెను. 1868లో ఒక్కొక శాఖాసముదాయముపై ఒక్కొక సదరుల్మహాము చొప్పున నలుగురు నియమింపబడిరి. అంతవఱకు వసూలునందు మధ్యవర్తులుగా నుండిన దేశముఖులు, దేశపాండ్యలు ఆ పనినుండి తప్పింపబడి, దానికి బదులు నగదు రుసుమును పొందిరి. గ్రామమున మాత్రము మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ నిలిచిరి. వీరిని గూడ తీసివేసినచో భూమి యెక్కడిదో చెప్పువాడుండడని దివానుకు తెలియును. 1875 ప్రాంతమున భూమి కొలతలును బందోబస్తును మొదలయ్యెను.

ఇన్ని కచేరీలకు మనుష్యు లెక్కడనుండి వచ్చిరి? నగరమున దారుల్ ఉలూము పాఠశాల తొలియేండ్లలోనే స్థాపితమైనను, అది ఫలించువఱకు పని ఆగదు. ఉత్తర హిందూస్థానమునుండి సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, మెహదీ అలీ, ముష్తాక్ హుస్సేను మొదలగు సమర్థులను రప్పించెను. వారు పని తెలిసినవారు, ఆంగ్లప్రభుత్వపు పద్ధతులను చూచినవారు. స్థానికులకు కన్నెఱ్ఱ యగుటయు సహజమే. ముల్కీ, నాన్‌ముల్కీ యను మాటలలోని మంట తరువాతి కాలమున ఎంత పెరిగెనో తెలుగువారికి వేఱుగా చెప్పనక్కఱ లేదు. సాలారుజంగు బ్రదికియున్నంత కాలము ఆ క్రొత్తవారిని దర్బారు ప్రభువులతో కలియనీయక, రెండు వర్గములను రెండు గదులలో నుంచినట్లు నడపెను. తలుపుల తాళపుచెవులు మాత్రము తనకడ నుండెను.

ఆయనపై కినుక గలవారు తక్కువవారు కారు. 1859లో దర్బారునుండి రెసిడెంటు డేవిడ్సనుతో వెలికి వచ్చుచుండగా ఒకడు తుపాకి కాల్చెను. 1868లో మఱల కాల్పు జరిగెను. రెండుసారులును బ్రదికెను. 1857లో ఆయన ఆంగ్లేయుల పక్షము వహించుటను నిందించువారు నేటికిని కలరు. ఆ నింద యుక్తమే గాని ఆ చర్చ వేఱు. చిత్రమేమనగా, బయట ఇన్ని జిల్లాలను త్రిప్పుచున్న యీ దివాను, నైజాముల అనుమానమువలన, ప్రభువు అనుమతి లేనిదే నగరపు పొలిమేర దాటరాదు. జిల్లాలను చాలకాలము కాగితములలోనే చూచి పాలించెను. కాగితములపై ఆయనకు గల పట్టుదలకు ఇదియు నొక కారణమై యుండును.

లోపములు లేకపోలేదు. జాగీరులు, పైగాలు, నైజాము స్వంతభూములైన సర్ఫెఖాసు ఈ సంస్కరణముల వెలుపలనే యుండెను. అవి రాజ్యములో పెద్ద భాగము. ఒక ఊరిలో తహసీలుదారు రసీదు, గట్టు దాటినచో జాగీరుదారు కొరడా. ఈ స్థితి 1949లో జాగీరుల రద్దు వఱకు సాగెను. కచేరీ భాష పారసీగనే నిలిచెను. తెలుగు రైతు తన శిస్తు లెక్క తాను చదువుకొనజాలడు. అన్నిటికంటె పెద్ద లోపము, కూర్చిన యంత్రమంతయు ఒక్కని చేతిపై తిరుగుట.

1883 ఫిబ్రవరి 8వ తేదీన సాలారుజంగు విషూచి సోకి ఒక్క దినములో మరణించెను. మఱుసటి యేడు అతని కుమారుడు దివాను అయ్యెను గాని 1887లో తప్పుకొనెను. తాళపుచెవులు పలువురి చేతులలో పడెను. రెండు గదులవారును ఒకరిపై నొకరు పడిరి. పారసీ పోయి ఉర్దూ వచ్చెను. వచ్చిన మార్పునకు మెచ్చుకొనినవారు అధికారులే గాని రైతులు కారు. అయినను జిల్లాలు నిలిచెను, జీతములు నిలిచెను, తనిఖీ నిలిచెను.

ఆ రెండు పాత దస్తరములును 19వ శతాబ్ది ముగియునాటికి ప్రభుత్వాధీన మయ్యెను. ఆ కాగితములు నేడు హైదరాబాదు తార్నాకలోని రాజ్యాభిలేఖాగారమున నున్నవి. కొన్ని పారసీ షికస్తా వ్రాతలో, కొన్ని మోడీలిపిలో గొలుసుకట్టుగా వ్రాయబడినవి. వానిని చదువగలవారు నానాటికి తగ్గుచున్నారు.