బ్యాకప్: నిల్వ గడువు, లాగ్ అమరిక

కంప్యూటరులోని ఫైళ్లకు మరొక డిస్కులో నకళ్లు తీసి భద్రపరచడమే బ్యాకప్. పాత నకళ్లు ఎంతకాలం ఉండాలో నిర్ణయించేది నిల్వ గడువు. పని సక్రమంగా జరిగినదీ లేనిదీ సాఫ్ట్‌వేరు తానే రాసిపెట్టుకునే పద్దు లాగ్. ఈ రెంటినీ పట్టించుకోకపోతే బ్యాకప్ ఉన్నదన్న ధీమాయే మిగులుతుంది, ఫైలు మిగలదు.

ఉదాహరణకు, 2012లో విండోస్ 8తో వచ్చిన ఫైల్ హిస్టరీని తీసుకుందాం. విండోస్ 11లోనూ ఇది కంట్రోల్ ప్యానెల్‌లో లభిస్తుంది. డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ వంటి ఫోల్డర్లలో మారిన ఫైళ్లను, మనం అమరిక మార్చనంతవరకు, గంటకొకసారి వేరే డిస్కులోకి నకలు చేస్తుంది.

నిల్వ గడువు

ఫైల్ హిస్టరీలో 'అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్' తెరిస్తే 'కీప్ సేవ్డ్ వెర్షన్స్' అన్న వరుస కనిపిస్తుంది. అందులో 1 నెల మొదలు 2 సంవత్సరాల వరకు గడువులు ఉంటాయి. వాటితోపాటు 'ఫరెవర్', 'అన్‌టిల్ స్పేస్ ఈజ్ నీడెడ్' అనేవి కూడా ఉంటాయి.

కర్ణాటకలో పహణీ, తమిళనాడులో పట్టా, మహారాష్ట్రలో సాత్‌బారా, తాతలనాటి తెలుగు దస్తావేజులు స్కాన్ చేసి దాచుకున్న కుటుంబాలు వాటిని ఏడాదికొకసారి చూడడమే అరుదు. పొరపాటున ఒక దస్తావేజుపై మరొక ఫైలు సేవ్ అయినదనుకోండి. గడువు 1 నెల అయితే, పొరపాటు బయటపడేసరికి మంచి ప్రతి తొలగిపోయి, చెడిన చివరి ప్రతి ఒక్కటే మిగిలి ఉండవచ్చు. కనుక పొరపాటును మనం గుర్తించడానికి పట్టే కాలం కంటే గడువు ఎక్కువగా ఉండాలి. ఇటువంటి పత్రాలకు 2 సంవత్సరాలు తగిన గడువు.

మనం మార్చకపోతే అమలులో ఉండేది 'ఫరెవర్'. దీనితో ఏదీ తొలగదు గాని, డిస్కు నిండిన నాటినుండి కొత్త నకళ్లు ఆగిపోతాయి. 'అన్‌టిల్ స్పేస్ ఈజ్ నీడెడ్' ఎంచుకుంటే చోటు చాలనప్పుడు పాతవి పోతాయి. ఇన్నాళ్లు ఉంటాయన్న హామీ ఉండదు.

లాగ్

నకళ్లు ఆగిన సంగతి తెలిపేది లాగే. అదే పుటలోని 'ఈవెంట్ లాగ్స్' లంకెను నొక్కితే ఈవెంట్ వ్యూయర్ తెరుచుకుంటుంది. 'ఎర్రర్', 'వార్నింగ్' అన్న వరుసలను తేదీలతో సహా చదవాలి. లాగ్ నిండితే పాత నమోదులపై కొత్తవి వచ్చిపడవచ్చు. 'ప్రాపర్టీస్'లో గరిష్ఠ పరిమాణం పెంచినా, 'ఆర్కైవ్ ద లాగ్ వెన్ ఫుల్' ఎంచుకున్నా పాతవి మరింతకాలం నిలుస్తాయి.

నెలకొకసారి

లాగ్ చూడండి; డిస్కులో చోటు ఎంత మిగిలిందో గమనించండి; ఒక పాత పత్రాన్ని 'రీస్టోర్' చేసి, తెరిచి చదవండి. మరొక ప్రతిని వేరే డిస్కులో పొరుగూరి బంధువుల ఇంట ఉంచితే ఇంటికి ఆపద వచ్చినా పత్రాలు దక్కుతాయి.