చోడవరము బడులలో ఇంగ్లీషు వాక్యవిభజన

నాటి విశాఖపట్టణ మండలమున, చెరకుతోటల నడుమ, స్వయంభూ విఘ్నేశ్వరుని ఆలయముచే ప్రసిద్ధికెక్కిన చోడవరమునకు ఇంగ్లీషు వ్యాకరణము చెన్నపట్టణము మీదుగా వచ్చినది. 1854 నాటి ఉడ్డు దొరగారి విద్యాలేఖయు, 1857లో నెలకొన్న మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షయు కచేరీ కొలువునకును ప్లీడరు వృత్తికిని ఇంగ్లీషు అక్కరను పెంచగా, తాలూకా కేంద్రముల బడులలో వ్యాకరణమునకు అగ్రపీఠము దక్కెను.

వాక్యమును సబ్జెక్టు, ప్రెడికేటు అని రెండుగా విడదీయుట గ్రీకు తర్కమునాటి పాత సంగతియే. దానిని బడిపిల్లల పట్టికగా మార్చినవారిలో ముఖ్యుడు, జర్మను పండితుడగు బెకరు మార్గము ననుసరించి 1852లో వాక్యవిశ్లేషణ గ్రంథమును ప్రకటించిన మోరెల్. ఉత్తరహిందూస్థానమున విద్యాధికారిగా నుండిన నెస్‌ఫీల్డు ఆ పట్టికనే భారతీయ విద్యార్థులకు అలవరచెను. 1935లో వెలువడిన రెన్, మార్టిన్‌ల వ్యాకరణము నేటికిని అంగళ్లలో అమ్ముడుపోవుచున్నది. ఈ రెన్ దొర సాహసనవలలకును పేరుమోసినవాడు. ఆ చమత్కారము వ్యాకరణమున మచ్చునకైనను కానరాదు.

ఈ విభజనను నేర్పుటకు తెలుగు ఉపాధ్యాయుడు చూపిన కిటుకు సులభమైనది. మొదట వెర్బును పట్టుకొనుము, దానిని ‘ఎవరు?’ అని యడిగిన సబ్జెక్టు పలుకును, ‘దేనిని?’ అని యడిగిన ఆబ్జెక్టు దొరకును. వీనికి కర్త, కర్మ, క్రియ యని చిన్నయసూరి బాలవ్యాకరణముతో పరిచయమైన పేర్లే పెట్టుటచే పాఠము సాఫీగా సాగెను. చిక్కు కూడ అచ్చటనే మొలచెను. ఏలయనగా మన వ్యాకరణమున కర్త, కర్మలు కారకములు, అనగా క్రియతో నామమునకు గల అర్థసంబంధములు. సబ్జెక్టన్ననో వాక్యమున ఒక స్థానము. ‘రామా కిల్డ్ రావణా’ యన్నంతవరకు రెండును ఒకచోటనే కూర్చుండును. ‘రావణా వాజ్ కిల్డ్ బై రామా’ యనగానే చంపినవాడు రాముడే యైనను సబ్జెక్టు పీఠము రావణునకు దక్కును. పాణినీయము నెరిగిన పండితునకు ఇందు వింత లేదు, కర్మణిప్రయోగమున ప్రథమావిభక్తి కర్మకే చెందునని ఆయన యెరుగును. కర్త యన్న మాటను మాత్రమే కంఠస్థము చేసిన బాలుడు రాముని చుట్టియే గీత గీయును, మార్కును పోగొట్టుకొనును.

అంతకంటె లోతైన యిబ్బంది మరియొకటి గలదు. ‘ఆయన వైద్యుడు’ అను తెలుగు వాక్యమున క్రియయే లేదు, ఇంగ్లీషున ‘ఈజ్’ లేనిదే వాక్యము నిలువదు. ‘రేపు వచ్చెదను’ అన్నచో ‘నేను’ క్రియాంతముననే యిమిడియుండును, ఇంగ్లీషువాడు ‘ఐ’ని వెలికి తీసి ముందు నిలుపును. ‘నాకు జ్వరము వచ్చినది’ అనునపుడు మనము జ్వరమునే కర్తగా పంపి, బాధపడువానిని ‘నాకు’ అని ప్రక్కన కూర్చుండబెట్టుదుము. ఇంగ్లీషున ‘ఐ హావ్ ఎ ఫీవర్’ అని రోగియే ముందునకు వచ్చును. విద్యార్థులు చేసిన తప్పులలో పెక్కు బుద్ధిమాంద్యముచే గాక, ఇట్లు మాతృభాషా వాక్యనిర్మాణమును విశ్వాసముతో పాటించుటచే కలిగినవని నా యభిప్రాయము.

1958లో హైదరాబాదున సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఏర్పడిన కాలమున, వ్యాకరణ పరిభాషను తగ్గించి వాక్యపు మూసలను నోటికి పట్టించు పద్ధతి ప్రబలెను. నోటికి వచ్చిన మూస కొంత మేలే చేసినది. కాని మూస తప్పిన వాక్యము ఎదురైనపుడు దానిని విప్పిచూచు శక్తి అందువలన రాదు. కావున నేటి ఉపాధ్యాయులకు నా విన్నపము: నల్లబల్లపై ఇంగ్లీషు వాక్యమునకు ముందుగా తెలుగు వాక్యమును వ్రాసి, క్రియ యేది, కర్త యెవరు, అసలు క్రియ యున్నదా యని పిల్లలనే యడుగుడు, ఆ పిదపనే సబ్జెక్టు మాట యెత్తుడు.